డేగలకు విడిచిన గోడలు

శాన్ హోసే నగరమును విడిచి దక్షిణముగా పోవు మార్గమున, గిల్రాయ్ అను ఊరు కంటబడకమునుపే ముక్కునకు తెలియును. వెల్లుల్లి నెండబెట్టి పొడిచేయు కర్మాగారములు అచట నుండుటచేత, ఆ గాలి పీల్చిన తెలుగువానికి పప్పులోని పోపు వేగుచున్న వంటయింటి గడప త్రొక్కినట్లే యుండును. మా అమ్మాయి కారు నడుపుచుండగా ఆ ఊరు దాటి, హాలిస్టరు మీదుగా మళ్లి, ద్రాక్షతోటల నడుమను పశువులు మేయు బీళ్ల నడుమను మెలికలు తిరుగుచు పోవు చిన్నబాటను పట్టితిమి. అవి ఏప్రిలు మాసపు చివరి దినములు. కాలిఫోర్నియాలో వానలు చలికాలమందు కురియును గనుక, మన కొండలు మాడి నల్లబారు ఆ నెలలోనే అచటి కొండలు పచ్చగడ్డి కప్పుకొని, ఎండ తగులు వాలులందు నారింజవన్నె పాపీ పూలతో నిండియుండును. జూన్ వచ్చుసరికి ఆ పచ్చదనమంతయు ఎండిపోవునని మా అమ్మాయి చెప్పినది.

ఆ బాట చివర పినకిల్స్ జాతీయవనము గలదు. సుమారు 2 కోట్ల 30 లక్షల యేండ్ల క్రిందట మండిన అగ్నిపర్వతము యొక్క అవశేషములు అచటి శిఖరములు. ఆ పర్వతము పుట్టినచోటు లాస్ ఏంజలెస్ నగరమునకు ఉత్తరమున నున్నది. శాన్ ఆండ్రియాస్ అను పేరుగల భూమిలోని చీలిక దానిని రెండుగా కోసి, అందొక భాగమును ఇంచుమించుగా 300 కిలోమీటర్లు వాయవ్యమునకు మోసికొనివచ్చి ఇచట నిలిపినది. నిలిపినదనుటయు సరికాదు, అది నేటికిని కదలుచునే యున్నది. రాళ్లముక్కలను బూడిదను కలిపి ముద్దచేసినట్టి ఆ శిలను శిలారోహకులు అంతగా నమ్మరు. పట్టుకొనిన గుబ్బ చేతికి ఊడివచ్చుట అచట సామాన్యమట. అయినను వారు తాళ్లు భుజములకు వేసికొని వచ్చుచునే యుందురు.

బేర్ గల్చ్ అను లోయలో కాలిబాట మొదలగుచోట ఒక కాగితము అతికించిన పలక నిలిపియుండగా చూచితిని. డేగలును ఇతర వేటపక్షులును గూళ్లు పెట్టు కాలము జనవరి మొదలు జూలై వరకనియు, ఆ మాసములలో ఫలానా ఫలానా బండల దరికి పోవలదనియు దానియందు వ్రాసియుండెను. గొలుసు గాని, ముళ్లకంచె గాని, ఈల నోట పెట్టుకొనిన కావలివాడు గాని అచట లేడు. ఒక యువతియు, ఆమె స్నేహితుడు గాబోలు ఒక యువకుడును మా ముందే వచ్చి, ఆ పట్టికను వ్రేలితో చదువుకొని, తాము ఎక్కదలచిన బండ పేరు అందుండగా చూచి, ఒకరి మొగము నొకరు చూచుకొని భుజము లెగురవేసి, వేరొక బాటను పట్టి పోయిరి. వారి నెవ్వరును చూచుచుండలేదు, మేము తప్ప. మన ఊళ్లలో పార్కులోని పచ్చికమీద నడువవలదను బోర్డు ప్రక్కనే పచ్చికలో కాలిదారి పడియుండుట చూచి పెరిగినవాడను గనుక, ఆ చిన్న సంఘటనము నాకు కొండలకంటెను వింతగా తోచినది.

శిఖరములకు పోవు బాటలో ఒకచోట, 1930ల ఆర్థికసంక్షోభమునాడు పనిలేని యువకులను ప్రభుత్వము కూలికి పెట్టి తొలిపించిన మెట్లు గలవు; ఒక్క పాదము మాత్రమే పట్టు గుంటలు, ప్రక్కన ఇనుపకమ్మీ. ఆ కమ్మీ పట్టుకొని నేను ఊపిరి కూడదీసికొనుచుండగా, ఎదుటి గోడ ముందుగా ఇసుకవన్నె పక్షి యొకటి బాణమువలె దూసుకొని పోయెను. అది ప్రేరీ డేగ. రెక్క మొదట క్రిందివైపున నల్లనిమచ్చ యుండుటయే దానికి గురుతని, మాకు దారి యిచ్చుటకై ఒదిగి నిలిచిన ముసలాయన చెప్పెను. అడుగకయే చెప్పెను, చెప్పి తన బైనాక్యులరును మెడనుండి తీసి నా చేతి కిచ్చెను. ముక్కుమొగము తెలియనివానికి విలువైన వస్తువు నిట్లు అందించి, వాడు చూచుట ముగియువరకు తొందర యించుకయు కనబరపక నిలుచుట ఆ దేశమున పక్షులను చూచువారి నీతి యని తరువాత గ్రహించితిని.

ఆయనయే మరికొంతసేపటికి ఆకాశమున రెక్క లల్లార్పక తేలుచున్న రెండు కాండర్ పక్షులను చూపించెను. రెక్కలు చాచిన తొమ్మిదిన్నర అడుగులు. రెక్కమీద సంఖ్య వ్రాసిన బిళ్ల. 1982 నాటికి ఈ జాతిలో ప్రపంచమంతటను 22 పక్షులే మిగిలియుండెను. 1987లో అడవిలో తిరుగుచుండిన చివరిదానిని సైతము పట్టి తెచ్చి, మనుష్యుల చేతులలో పిల్లలను పెంచి, మరల విడిచిరి. పినకిల్స్‌లో విడుచుట 2003లో మొదలైనది. 2010లో, నూరేండ్లకు పైగా గూడులేని ఆ కొండలలో ఒక జంట మరల గ్రుడ్డు పెట్టినది. వేటగాండ్రు వదలిన కళేబరములలోని సీసపు తూటాముక్కలు తిని ఇవి చచ్చుచున్నవని తేలుటచేత, 2019 జూలై నుండి కాలిఫోర్నియా రాష్ట్రమున సీసపు తూటాలతో వేట నిషిద్ధమైనది. మన పురాణములు జటాయువునకు దశరథుని మిత్రుడను గౌరవ మిచ్చి, దహనసంస్కారము శ్రీరామునిచేత చేయించినవి. కాండరునకు అంత పురాణము లేదు. బిళ్లమీది సంఖ్యయు, ఆ సంఖ్యకొక జాతకపుస్తకమును గలవు.

తిరిగివచ్చుచు హాలిస్టరులో మెక్సికోవారి చిన్న భోజనశాలలో తిన్న మొక్కజొన్న రొట్టెలను, ఉడికించి మెదిపిన చిక్కుడుగింజలను, పచ్చిమిరపకాయ కాల్చి నూరిన పచ్చడిని నేను మరువను. కారము ఎక్కువ యని యజమానురాలు ముందుగా హెచ్చరించినది. మా అమ్మాయి నవ్వి మాది గుంటూరని చెప్పినది. ఆమెకు గుంటూ రెచటనో తెలియదు గాని, రెండవమారు పచ్చడిగిన్నె తెచ్చి పెట్టినప్పుడు దానిలో తొడిమెలు సైతము కనబడినవి.

మరునాడు పచేకో కనుమ దాటి తూర్పునకు దిగితిమి. కనుమ దిగినంతనే భూమి పలకవలె చదునైపోవును. బాదముతోటలు, టమాటా పొలములు, కాలువలు, మరల బాదముతోటలు. మెర్సెడ్ దగ్గర దారిప్రక్క పందిరి క్రింద, లావోస్ దేశపు కొండలనుండి కాందిశీకులై వచ్చిన మోంగ్ జాతి కుటుంబ మొకటి స్ట్రాబెర్రీ పండ్ల నమ్ముచుండెను. ముసలమ్మకు ఇంగ్లీషు రాదు. వ్రేళ్లతో ధర చెప్పి, బుట్టపైన మరి నాలుగు పండ్లు పెట్టినది. కొసరు వేయు గుణమునకు ఏ దేశపు భాషయు నక్కరలేదు.

ఇంతటి పైరును పురుగులనుండి కాపాడుటకు మనుష్యుడు ఎన్ని మందులు చల్లెనో! పిట్టలను వేటాడి తిను బైరి డేగల కథలోని విషాదపర్వ మిట్టి పొలములలోనే మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత డీడీటీ విరివిగా చల్లబడెను. దానిని తిన్న పురుగును చిన్నపిట్ట తినెను, అట్టి పిట్టలను నూర్లకొలదిగా డేగ తినెను. ఒక్కొక్క మెట్టున విషము చిక్కనగుచు పోయి చివరకు డేగ కొవ్వులో పేరుకొనెను. అది డేగను వెంటనే చంపలేదు. గ్రుడ్డునకు పెంకు కట్టు వేళ సున్నము చేరకుండ అడ్డుపడెను. తల్లి పొదుగుటకై కూర్చుండగనే ఆ తల్లి బరువునకే గ్రుడ్డు చిట్లిపోవుచుండెను. 1962లో రేచల్ కార్సన్ అను రచయిత్రి వ్రాసిన పుస్తకము ఈ మందులపై ప్రజల దృష్టిని మరల్చినది. 1967లో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అను పరిశోధకుడు, వస్తుశాలలలోని పాత గ్రుడ్డుపెంకులను క్రొత్తవానితో సరిపోల్చి, పెంకు పలుచనగుట ఆ యుద్ధానంతరకాలముననే మొదలైనదని చూపెను. 1970 నాటికి కాలిఫోర్నియా యంతటను గూడు కట్టుచున్నవని తెలిసిన బైరి డేగల జంటలు రెండే. 1972లో అమెరికాలో పొలములపై డీడీటీ చల్లుట నిషేధింపబడినది.

మారిపోసా దాటి మెర్సెడ్ నది వెంబడి ఎగువకు పోవుకొలదిని లోయ ఇరుకై, మంచు కరిగిన నీరు బండలను గుద్దుచు తెల్లగా పరుగెత్తుచుండ, గట్టులపై రెడ్‌బడ్ పొదలు ఆకులింకను సరిగా విచ్చకమునుపే గులాబివన్నె పూలతో నిండియుండెను. ఒక మలుపులో ఆ కొండలన్నియు ఒక్కమారుగా విడివడి యోసెమిటీ లోయ తెరచుకొన్నది. ఎడమవైపున ఎల్ కాపిటాన్. దాదాపు 900 మీటర్ల యెత్తుగల ఒకే గ్రానైటు గోడ. మన భువనగిరి కోట నిలిచిన ఏకశిలను చూచి మురిసినవాడనే గాని, ఇచట మెడ వెనుకకు వంచి వంచి చూచినను అంచు దొరకకపోవుటచేత, కొంతసేపు మాటాడక గడ్డిమీద కూర్చుండిపోతిని.

ఆ గోడకెదురుగా నున్న పచ్చికబయలున జనము కుర్చీలు వేసికొని, కాళ్లపై నిలిపిన పెద్ద స్కోపులతో పైకి చూచుచుండిరి. కొందరు ఎక్కుచున్న మనుష్యులను చూచుచుండిరి. రంగురంగుల చుక్కలు, ఒక్క గంటలో ఒక్క జానెడు కదలినట్లు. మరికొందరు డేగలను వెదకుచుండిరి. ఒక వనాధికారిణి, మిగుల ఓపికగల మనిషి, పిల్లవాడొకడు అడిగిన ప్రశ్ననే మూడవమారు అడిగినను క్రొత్తగా వినినట్లు విని జవాబు చెప్పుచుండెను. ఆమె నోట వినిన కథ యిది.

యోసెమిటీలో బైరి డేగ గూడు కనబడి 36 సంవత్సరములు గడచినవి. ఇక లేవనియే అనుకొనిరి. 1978లో ఎల్ కాపిటాన్‌పై తాళ్లతో వ్రేలాడుచున్న శిలారోహకులకు, మానవమాత్రుడు క్రిందినుండి చూడజాలని ఒక అరుగుమీద డేగల జంట కనబడినది. వారు దిగివచ్చి వనాధికారులకు చెప్పిరి. డీడీటీ నిషేధింపబడి ఆరేండ్లయినను విషమింకను పక్షి దేహముల నుండుటచేత పెంకులు పలుచగనే యుండెను. అందుచేత అదే శిలారోహణ విద్య తెలిసినవారు, ప్రాణము తాటికప్పగించి, తలమీదికి దూసుకొనివచ్చు తల్లిడేగ గోళ్ల దెబ్బలు శిరస్త్రాణముపై కాచుకొనుచు గూటికి దిగి, పలుచని గ్రుడ్లను మెల్లగా తీసి, వాని స్థానమున బొమ్మ గ్రుడ్లను పెట్టి వచ్చిరి. తల్లి ఆ బొమ్మలనే పొదుగుచుండెను. శాంతాక్రూజ్‌లోని విశ్వవిద్యాలయమున వేటపక్షుల పరిశోధకులు అసలు గ్రుడ్లను యంత్రములలో పొదిగించిరి. పిల్లలు కొంచెము పెరిగినపిమ్మట మరల తాడు పట్టి దిగి, బొమ్మలను తీసి పిల్లలను గూట నుంచిరి. రాత్రికి రాత్రి గ్రుడ్లు పిల్లలైనందుకు డేగలేమియు శంకింపలేదు. నోరు తెరచినవానికి మేత తెచ్చి పెట్టినవి. ఇట్లు ఏండ్లతరబడి జరిగినది. 1999లో బైరి డేగను అంతరింపనున్న జాతుల పట్టికనుండి తీసివేసిరి.

ఈ విద్యకు వేరొక పాత ముఖము గూడ గలదు. నేటి శిలారోహకులు గురువుగా భావించు ఇవాన్ షునార్డ్, 1953లో పదునాలుగేండ్ల బాలుడై, డేగల నాడించువారి సంఘమొకదానిలో చేరి, డేగ గూళ్ల యొద్దకు తాడుపై జారుట నేర్చుకొనుచుండగనే బండలపై మరులుగొనెను. పెద్దవాడై బండలకు కొట్టు ఇనుపమేకుల నమ్మి బ్రదికినవాడే, ఆ మేకులు బండలను పగులగొట్టుచున్నవని చూచి, 1972లో తన జాబితాపుస్తకమున మేకులు కొట్టకుండ ఎక్కుడని బోధించెను. పొలములో మందు మాన్పించినదియు, బండపై మేకు మాన్పించినదియు ఒకే సంవత్సరమగుట కాకతాళీయమే కావచ్చును. నాకు మాత్రము ఆ తేదీ మనసున నాటుకొన్నది. గూడు దోచుకొనుటకు పుట్టిన నేర్పు గూడు నిలుపుటకు పనికివచ్చి, ఇప్పుడు గూటికి దూరముగా నుండుటయందు పరిణతి చెందుచున్నది.

దూరముగా నుండుట ఎట్లన్న: యోసెమిటీలో మార్చి 1 నుండి జూలై 15 వరకు, గూడుండు చరియలలోని దారులను మూసివేయుదురు. బైరి డేగ పుల్లలతో గూడు కట్టదు. అరుగుమీది ఇసుకలో రొమ్ముతో ఒక గుంట చేసి మూడో నాలుగో గ్రుడ్లు పెట్టును. నెలకు పైగా పొదుగును; పిల్లలు ఎగురుటకు మరి ఆరువారములు. ఆ వేళ తాడు దిగినచో తల్లి లేచి అరచుచు తిరుగును. గ్రుడ్లు చల్లబడును, లేదా ఎండలో ఉడుకును. రెక్కలు రాని పిల్లలు బెదరి అంచునుండి దుముకును. ఇది తెలిసినవాడు సామాన్యముగా ఎక్కడు. మరునాటి యుదయమున నాలుగవ శిబిరమను, శిలారోహకులకు పుణ్యక్షేత్రమువంటి గుడారముల చోటున, వనాధికారులు కాఫీ కాచి అందరికిని పోయుచుండగా ఈ ముచ్చటలే సాగుచుండెను. ఒక బక్కపలుచని యువకుడు తాను సంవత్సరమంతయు ఎదురుచూచిన దారి మూతపడినదని గొణిగెను. అధికారి యతనిని మందలింపలేదు. క్రిందటి వారము చూచిన గూటి సంగతి, ఈ యేడు డేగ వేరొక అరుగునకు మారినందున తెరచిన దారుల సంగతి చెప్పి, కాఫీ మరికొంచెము పోసెను.

ఇందలి కిటుకు నాకక్కడ తెలిసినది. పక్షి రానిచోట బోర్డును తీసివేయుదురు. పిల్లలు ముందుగా ఎగిరిన ముందుగనే దారి తెరతురు. ఆలస్యమైన గడువు పెంచుదురు. నియమము పక్షి వెంట కదలును. దినదినము ఎవరో స్కోపులో కన్నుపెట్టి చూచి వ్రాయుచున్నారని తెలిసినందువలననే కాగితపు ముక్కకు అంత విలువ. మన దేశమున ఒకమారు తాళము వేసిన తలుపు ఏల వేసితిమో మరచి అట్లే త్రుప్పుపట్టనిత్తుము; పిమ్మట జనము గోడ దూకి పోవుట నేర్తురు. తప్పు గోడ దూకువారిదే యని నేననలేను.

ఐనను ఆ లోయ పుణ్యభూమి యని పొగడి ఊరకుండజాలను. వస్తుశాల వెనుక నున్న మూలవాసుల గ్రామపు నమూనాలో, ఓకుగింజలను ఎండబెట్టి, దంచి, ఆ పిండిని నీటితో పలుమారులు కడిగి వగరుచేదు పోగొట్టి, ఎర్రగా కాలిన రాళ్లను బుట్టలో వేసి అంబలి కాచు విధానము చూపిరి. మన మన్యములో మామిడిటెంకల పప్పును నానబెట్టి, వగరు పోగొట్టి, పిండిచేసి అంబలి కాచుకొనువారికి ఈ విద్య చెప్పనక్కరలేదు. ఆ అంబలి కాచిన జనమును 1851లో సాయుధులు వచ్చి లోయనుండి తరిమివేసిరి. గూటిలోని డేగకు నాలుగున్నర మాసముల శాంతి నిచ్చుట నేర్చుకొనుటకు ముందు ఆ దేశము గూడులోని మనుష్యులను చెదరగొట్టినదను మాట, పచ్చికలో కూర్చున్నంతసేపును నా మనసును విడువలేదు.

చివరి సాయంకాలము మరల ఆ పచ్చికబయలునకే పోతిమి. గోడ సగము ఎరుపెక్కినది. మగడేగ, ఆడుదానికంటె చిన్నది, పట్టిన పిట్టను గోళ్లతో మోసికొనివచ్చుచుండగా, ఆడుడేగ అరుగునుండి లేచి, వెల్లకిలబడి గాలిలోనే దానిని అందుకొన్నది. బయలంతయు ఒక్క గొంతుతో కేక వేసినది. ఆ కేకలో "అబ్బ!" అనునదొకటి స్పష్టముగా తెలుగు. తిరిగి చూడగా, భుజమున తాళ్లచుట్ట వేసికొనిన యువకు డొకడు మా మాటలు వినుచు నిలిచియున్నాడు.

"తెలుగోళ్లా సార్? మాది భువనగిరి దగ్గర. చిన్నప్పుడు మా గుట్టమీద మెట్లెక్కుడే తెల్సు, తాడు పట్టుడు ఈడికొచ్చినంక నేర్చుకున్న" అనెను.

2014లో ఎవరెస్టు నెక్కిన బాలిక మాలావత్ పూర్ణ మొదట బండ నెక్క నేర్చినది ఆ గుట్టమీదనే గదా యంటిని. అతని మొగము విప్పారెను. తానును ఎక్కదలచిన దారి మూసివేసిరని చెప్పెను. "నాలుగు నెల్లు ఆగుడేంది అనుకున్న ఫస్టు. ఒకసారి స్కోపుల పిల్లల్ని చూపించిన్రు. తెల్లగ దూదిలెక్క ఉన్నయి. గంతే సార్, ఇగ మాట్లాడలె."

మన గుట్టలపై నేమున్నవని యడిగెను. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని బెజ్జూరు అడవిలో, పెద్దవాగు గట్టున పాలరాపు గుట్ట యున్నదనియు, ఆ చరియలో పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుచు వచ్చినవనియు, పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు కళేబరముల ద్వారా లోపలికి పోయి వాని జాతినే ఊడ్చివేసినదనియు, 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడినదనియు చెప్పితిని. డీడీటీ కథ వినియున్నవాడు గనుక సగము చెప్పకమునుపే గ్రహించెను.

"గా గుట్టమీద గూళ్లు ఎన్నున్నయో పైనుంచి తాడేసి దిగి చూస్తే తెలుస్తది గద సార్! డిసెంబర్ల ఇంటికి పోతున్న. ఫారెస్టోళ్లను అడుగుత."

"డిసెంబరులో వద్దు నాయనా. అవి గ్రుడ్లు పొదుగు కాలమదియే."

అతడు నవ్వి తల గోకికొనెను. "పిల్లలు ఎగిరేదెప్పుడు?"

"ఏప్రిలు, మే."

"అంటే వానలకు ముంగట" అని అతడు సెలవుదినములను వ్రేళ్లపై లెక్కించుకొనుచుండగా, మా అమ్మాయి పులిహోర డబ్బా మూత తీసి అతని ముందు పెట్టినది.